సంలీనంలో శక్తి మిగిలిందన్నారు కదా, మరి కరెంటు ఎప్పుడు?

ప్రశ్న: ఫిజిక్స్ లెక్చరర్, గుంటూరు

గుంటూరులోని ఒక జూనియర్ కళాశాలలో సీనియర్ ఇంటర్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతున్నాను. గత వారం కేంద్రక సంలీనం పాఠంలో, హైడ్రోజన్‌కు బరువైన రూపాలైన డ్యూటీరియం, ట్రిటియం కేంద్రకాలు కలిసి హీలియంగా మారినప్పుడు 17.6 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వెలువడుతుందని బోర్డు మీద లెక్క కట్టి చూపించాను. ఆ ఉత్సాహంలోనే, 2022 డిసెంబరు 5న అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో ఆవగింజంత ఇంధన గుళికను మండించడానికి 2.05 మెగాజౌళ్ల లేజర్ కాంతిని ఖర్చుపెట్టి 3.15 మెగాజౌళ్ల సంలీన శక్తిని రాబట్టారని, ఇచ్చినదానికంటే ఎక్కువ తిరిగి రావడం అదే మొదటిసారని కూడా చెప్పాను.

ఇబ్రహీంపట్నం నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి లేచి నిలబడి, "ఇచ్చినదానికంటే ఎక్కువ వచ్చినప్పుడు మా ఊరి థర్మల్ స్టేషన్‌కు ఇంకా బొగ్గు రైళ్లు ఎందుకు వస్తున్నాయి సార్?" అని అడిగింది. ఇంకా కొన్నేళ్లు పడుతుందమ్మా అన్నాను. ఎన్నేళ్లు అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు, ఎందుకంటే ఇన్నేళ్లుగా నేను ఈ పాఠాన్ని ఒక సమీకరణంతో ముగిస్తున్నానే తప్ప, ఆ సమీకరణానికీ ఇంట్లో వెలిగే బల్బుకూ మధ్య ఏముందో ఒక్కసారి కూడా చెప్పలేదు.

కొంత చదివాను. 1955లో జెనీవాలో జరిగిన అణుశక్తి శాంతియుత వినియోగ సదస్సుకు అధ్యక్షత వహించిన హోమీ భాభా, రెండు దశాబ్దాల్లో సంలీన శక్తిని అదుపులోకి తెచ్చే మార్గం దొరుకుతుందని ఆశించారు. డెబ్బై ఏళ్లు గడిచిపోయాయి. మరోవైపు అమెరికాలో ఒక సంస్థ 2028 నుంచే సంలీన విద్యుత్తు అందిస్తామని ఒప్పందం చేసుకుంది. పిల్లలు ఇవన్నీ ఫోన్లలో చూసే వస్తున్నారు. ఈ అడ్డంకుల్లో డబ్బు, సమయం పెడితే తీరేవి ఏవి, తీరతాయో లేదో ఎవరికీ తెలియనివి ఏవి? ఈ రంగంలోనో, దీనికి దగ్గరి రంగాల్లోనో పనిచేసినవారు విడమరిచి చెబితే, వచ్చే సోమవారం ఆ పాఠాన్ని మళ్లీ చెప్పాలని ఉంది.

జవాబు: విశ్రాంత ఆపరేషన్ ఇంజనీరు, విజయవాడ

లెక్చరర్ గారూ, నేను ముప్పై ఒక్క సంవత్సరాలు బొగ్గు విద్యుత్కేంద్రాల్లో పనిచేశాను. ప్లాస్మా గురించి, అంటే సంలీనం జరిగే ఆ అతివేడి విద్యుదావేశిత వాయువు గురించి, నాకు తెలిసింది తక్కువ. అయినా మీ విద్యార్థిని అడిగింది మా షిఫ్టులో రోజూ వేసుకున్న ప్రశ్నే కాబట్టి రాస్తున్నాను. జనరేటర్ టెర్మినల్ దగ్గర మీటరు ఎంత చూపించినా, కేంద్రం తన కోసం వాడుకున్నది తీసేశాక గ్రిడ్‌కు వెళ్లిందే అసలు ఉత్పత్తి. ఫీడ్ పంపులు, ఐడీ ఫ్యాన్లు, బొగ్గు మిల్లులు అన్నీ కలిపి బొగ్గు కేంద్రంలో ఉత్పత్తిలో 6 నుంచి 9 శాతం దాకా తినేస్తాయి. ఆ సొంత వాడకం ఒక్క శాతం పెరిగినా మాకు సంజాయిషీ అడిగేవారు.

మీరు చెప్పిన ప్రయోగాన్ని ఆ కళ్లతో చూడండి. 2.05 మెగాజౌళ్లు గుళిక ఉన్న చోటికి చేరిన కాంతి మాత్రమే. ఆ కాంతిని పుట్టించడానికి లేజర్ యంత్రాలు గ్రిడ్ నుంచి తీసుకున్నది సుమారు 300 మెగాజౌళ్లు. మూడు వందలు పెట్టి మూడు తెచ్చుకున్నట్టు. శాస్త్రపరంగా అది గొప్ప విజయమే, ఎందుకంటే అక్కడ తెలుసుకోదలచుకున్నది ఇంధనం తనంతట తాను అంటుకుంటుందా లేదా అన్నది, అది అంటుకుంది. విద్యుత్కేంద్రం లెక్క మాత్రం అక్కడ మొదలే కాలేదు.

ఫ్రాన్సు దక్షిణాన కదరాష్ దగ్గర మన దేశంతో సహా ఏడు భాగస్వాములు కలిసి కడుతున్న ఐటర్ అనే సంలీన ప్రయోగ యంత్రం లెక్క కూడా కాగితం మీద వేసి చూశాను. దాని లక్ష్యం 50 మెగావాట్లతో ప్లాస్మాను వేడిచేసి 500 మెగావాట్ల సంలీన శక్తి పొందడం. పెట్టిన వేడి కూడా చివరికి వేడిగానే బయటికి వస్తుంది కనుక మొత్తం 550 అనుకుందాం. ఆవిరి, టర్బైను మార్గంలో అందులో మూడో వంతు విద్యుత్తుగా మారుతుందనుకుంటే 183 మెగావాట్లు. ప్లాస్మాలోకి 50 మెగావాట్లు పంపే పరికరాల సామర్థ్యం 40 శాతం అనుకుంటే వాటికే 125 మెగావాట్లు కావాలి. మిగిలింది 58. అతిశీతల యంత్రాలు, నీటి పంపులు, మిగతా వ్యవస్థలు కలిపి ఐటర్‌కు ఎప్పుడూ ఉండే అవసరమే సుమారు 110 మెగావాట్లు. అంటే పది రెట్లు అన్న మాట ఎంత ఘనంగా వినిపించినా గ్రిడ్ దగ్గర లెక్క లోటులోనే తేలుతుంది. ఐటర్‌ను అసలు విద్యుత్తు కోసం కట్టడం లేదు, దానికి టర్బైను లేదు. ఈ సంగతి పిల్లలకు తప్పక చెప్పాలి.

ఇంకొక విషయం నాకు లెక్కకంటే ఎక్కువ బరువుగా అనిపిస్తుంది. నేను పనిచేసిన ఒక కేంద్రంలో, దాని పేరు ఇక్కడ అవసరం లేదు, నడి వేసవిలో బాయిలర్ ట్యూబు కారింది. మొదట మేకప్ నీళ్ల, అంటే బాయిలర్‌లో తగ్గిన మేరకు నింపే నీళ్ల, వాడకం పెరిగింది. పీప్ హోలు దగ్గర చెవి పెట్టి వింటే, మంట హోరు వెనకాల సన్నగా, తెగకుండా ఈల వేసినట్టు ఒక శబ్దం వినిపించింది. యూనిట్ ఆపి, ఒక రోజంతా చల్లార్చి, లోపల పరంజీ కట్టి, వెల్డర్‌ను దింపి, దెబ్బతిన్న ముక్కను కోసి కొత్తది అతికించి, హైడ్రో టెస్టు చేసి నాలుగో రోజు ఉదయానికి మళ్లీ మంట పెట్టాం. ఆ నాలుగు రోజులూ మా అందరి ధైర్యం ఒక్కటే, మనిషి లోపలికి వెళ్లగలడని. ట్రిటియంతో నడిచిన సంలీన యంత్రంలోకి మనిషి వెళ్లలేడు. న్యూట్రాన్ల తాకిడికి లోపలి లోహమంతా రేడియోధార్మికం అవుతుంది. ఇంగ్లండులోని జెట్ (JET) అనే సంలీన ప్రయోగ యంత్రంలో 1998 నుంచే లోపలి పలకలను దూరం నుంచి నడిపే యంత్రహస్తాలతో మార్చారు, అది నిజంగా మెచ్చుకోదగిన పని. కానీ ప్రయోగశాలకు ఏడాదిపాటు ఆగే వెసులుబాటు ఉంటుంది, గ్రిడ్‌కు ఉండదు. ఏడాదిలో ఎన్ని రోజులు నడుస్తుంది అన్న ప్రశ్నకు సమాధానం వచ్చేదాకా యూనిట్ ధర గురించి ఎవరు ఏ అంకె చెప్పినా నేను నమ్మను.

జవాబు: ప్లాస్మా పరిశోధకురాలు, సొంత ఊరు తెనాలి

మాస్టారూ, ఇంజనీరు గారి లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను గుజరాత్‌లో కొన్నేళ్లు టోకమాక్ ప్రయోగాల మీద పనిచేశాను, టోకమాక్ అంటే ప్లాస్మాను అయస్కాంతాలతో పట్టి ఉంచే, గారె ఆకారపు యంత్రం. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో ఆదిత్య అనే టోకమాక్ 1989 నుంచి ఉంది, అతివాహక అయస్కాంతాలతో, అంటే బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటు ప్రవహించే తీగతో చుట్టినవాటితో, కట్టిన ఎస్ఎస్‌టీ-1లో 2013లో తొలి ప్లాస్మా వచ్చింది. మన దేశంలో ఈ పని జరుగుతోందని తెలియని విద్యార్థులు ఎందరో ఉన్నారు, ముందుగా అది చెప్పండి.

మీరు అడిగిన విభజన చాలా అవసరమైనది. ప్లాస్మాను వేడిచేయడం ఇప్పుడు పెద్ద అనుమానం కాదు. ఐటర్‌కు కావలసిన 15 కోట్ల డిగ్రీల స్థాయిని, అంటే సూర్యగర్భానికి పది రెట్ల వేడిని, ఇప్పటికే కొన్ని యంత్రాలు కొద్దిసేపైనా అందుకున్నాయి. పట్టి ఉంచే కాలం కూడా పెరుగుతోంది. 2025 జనవరిలో చైనాలోని ఈస్ట్ యంత్రం 1,066 సెకన్లు, ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని వెస్ట్ యంత్రం 1,337 సెకన్లు ప్లాస్మాను నిలబెట్టాయి. అయితే ఆ రెండింటిలోనూ ట్రిటియం మండలేదు. ట్రిటియం మండించిన ప్రయోగాల్లో ఇప్పటిదాకా అత్యధికం జెట్ 2023లో, మూతపడటానికి కొద్ది వారాల ముందు, రాబట్టిన 69 మెగాజౌళ్లు. దానికి ఖర్చయిన ఇంధనం 0.2 మిల్లీగ్రాములు. ఆ అంకె తలచుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ అది అయిదారు సెకన్ల పని.

అసలు చీకటి ట్రిటియం దగ్గర ఉంది. డ్యూటీరియంకు లోటు లేదు. మన పొరుగున మణుగూరులోనే భారజల కర్మాగారం ఉంది, ఒక ఘనమీటరు సముద్రపు నీటిలో సుమారు 33 గ్రాముల డ్యూటీరియం దొరుకుతుంది. ట్రిటియం అలా దొరకదు. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు, అంటే పది కిలోలు దాచిపెడితే ఏడాది తిరిగేసరికి అర కిలోకు పైగా కరిగిపోతుంది. ప్రపంచంలో పౌర అవసరాలకు అందుబాటులో ఉన్న నిల్వను 25 నుంచి 30 కిలోలుగా అంచనా వేస్తారు. అందులో ఎక్కువ భాగం కెనడాలోని భారజల రియాక్టర్లలో ఉప ఉత్పత్తిగా పుట్టింది. వెయ్యి మెగావాట్ల సంలీన శక్తిని ఏడాది పొడవునా రాబట్టాలంటే సుమారు 56 కిలోల ట్రిటియం మండాలి. మీ విద్యార్థులు 17.6 నుంచి మొదలుపెట్టి ఈ 56ను తామే లెక్క కట్టగలరు, దయచేసి కట్టించండి.

కాబట్టి ప్రతి సంలీన విద్యుత్కేంద్రం తన ట్రిటియంను తానే పుట్టించుకోవాలి. చర్యలో వెలువడిన న్యూట్రాన్ చుట్టూ ఉన్న లిథియం-6ను తాకితే ట్రిటియం పుడుతుంది. ఒక ట్రిటియం కేంద్రకం మండితే ఒక న్యూట్రాన్ వస్తుంది, ఆ ఒక్క న్యూట్రాన్‌తో కనీసం ఒక ట్రిటియం మళ్లీ పుట్టాలి. అయితే కొన్ని న్యూట్రాన్లు ఉక్కులో ఇంకిపోతాయి, కొన్ని పరికరాల కోసం వదిలిన సందుల్లోంచి వెళ్లిపోతాయి. ఆ నష్టాన్ని పూడ్చడానికి సీసం గాని బెరీలియం గాని చేర్చి న్యూట్రాన్ల సంఖ్యను పెంచాలి. విత్తనపు వడ్లు దాచుకోవాల్సిన రైతుకూ దీనికీ పెద్ద తేడా లేదు. పండినదంతా తినేస్తే వచ్చే ఏడు నాటడానికి ఉండదు, రెండో కేంద్రం మొదలుపెట్టాలంటే మొదటి కేంద్రమే కొంత మిగిల్చి ఇవ్వాలి. పైగా సహజ లిథియంలో లిథియం-6 కేవలం 7.5 శాతం. దాన్ని వేరుచేయడానికి ఒకప్పుడు అమెరికాలో వాడిన పద్ధతికి పాదరసం కుప్పలుగా కావలసి వచ్చింది, ఆ దారిలో మళ్లీ వెళ్లాలని ఎవరూ కోరుకోరు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఏమిటంటే, ఈ ట్రిటియం పుట్టించే పొర, బ్లాంకెట్ అంటాం, పూర్తి స్థాయిలో ఇంతవరకు ఏ సంలీన యంత్రం చుట్టూ పనిచేయలేదు. కంప్యూటర్ లెక్కలు సరిపోతుందనే చెబుతున్నాయి, కానీ సరిపోయేది చాలా సన్నని తేడాతో. ప్లాస్మాలోకి పంపిన ట్రిటియంలో ఒక్కో విడత మండేది కొద్ది శాతమే, మిగిలినదాన్ని పంపులతో లాగి, శుద్ధి చేసి, మళ్లీ లోపలికి పంపాలి. ఆ తిరుగుడులో ఎంత గోడల్లో ఇరుక్కుంటుంది, ఎంత పైపుల్లో నిలిచిపోతుంది అన్నది నడిపి చూస్తేనే తెలుస్తుంది.

గోడది మరొక కథ. వెలువడే శక్తిలో 80 శాతం 14.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్‌గా బయటికి వస్తుంది. దాన్ని అయస్కాంతం ఆపలేదు. అది లోహంలోకి దూసుకుపోయి పరమాణువులను స్థానం తప్పిస్తుంది, కొన్నింటిని మార్చి లోహం లోపలే హీలియం బుడగలు పుట్టిస్తుంది, ఉక్కు ఉబ్బి పెళుసుబారుతుంది. ఎన్నేళ్లకు మార్చాలి అన్న ప్రశ్నకు నిజాయితీగల సమాధానం ఇవ్వాలంటే అదే శక్తిగల న్యూట్రాన్లతో ఏళ్ల తరబడి పరీక్షించాలి. అందుకోసం స్పెయిన్‌లో గ్రనాడా దగ్గర ఒక పరీక్షా కేంద్రం ఇప్పుడు కడుతున్నారు. సమాధానాలు ఆ తర్వాతే వస్తాయి.

జవాబు: స్టెయిన్‌లెస్ ఫ్యాబ్రికేటర్, ఆటోనగర్

లెక్చరర్ గారికి, పెద్దలకు నమస్కారం. నాకు ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉంది. పాల ట్యాంకులు, ఫార్మా వెసెల్సు చేస్తాం. మా అబ్బాయి ఈ చర్చ చదివి వినిపించాడు. అణువుల సంగతి నాకు తెలియదు, కానీ ఐటర్‌లో వచ్చిన ఒక చిక్కు గురించి వాడు చదివి చెప్పినప్పుడు నా చేతుల్లోని పనే కళ్ల ముందు కనిపించింది.

అక్కడ అయస్కాంతాలకు వేడి తగలకుండా థర్మల్ షీల్డు అని వెండి పూత పూసిన స్టెయిన్‌లెస్ పలకలు పెడతారట, వాటికి చల్లబరిచే గొట్టాలు వెల్డు చేసి ఉంటాయట. 2021 చివర్లో ఆ గొట్టాల్లో సన్నటి పగుళ్లు బయటపడ్డాయి. గొట్టాన్ని వంచి, వెల్డు చేసినప్పుడు లోహంలో మిగిలిపోయిన ఒత్తిడికి, వెల్డు పక్కన చిన్న సందుల్లో నిలిచిపోయిన క్లోరిన్ అవశేషం తోడయిందట. సుమారు 23 కిలోమీటర్ల గొట్టం మార్చాల్సి వచ్చింది. 2022 మేలో గుంటలోకి దించిన, 1,200 టన్నులకు పైబడిన ఒక భాగాన్ని మరుసటి ఏడాది మళ్లీ పైకి లేపి విప్పాల్సి వచ్చింది.

ఇది నాకు అక్షరాలా అనుభవం. పదేళ్ల కిందట ఒక డెయిరీకి వేడినీళ్ల జాకెట్ ఉన్న ట్యాంకు చేశాను. వెల్డు అందంగా ఉంది, ప్రెషర్ టెస్టు నిలబడింది. ఎనిమిది నెలలకు తడి తేలుతోందని కబురొచ్చింది. వెళ్లి ఎర్ర రంగు పూసి, పావుగంట ఆగి శుభ్రంగా తుడిచి, తెల్ల డెవలపర్ చల్లాం. నిమిషంలో ఆ తెలుపు మీద, వెల్డుకు అంగుళం దూరంలో, వెంట్రుకల్లాంటి గీతలు చెట్టు కొమ్మల్లా చీలుతూ ఎర్రగా పైకి వచ్చాయి. జాకెట్‌లో తిరిగింది ఉప్పు బోరు నీళ్లు. ఉప్పు, వేడి, వెల్డు ఒత్తిడి, ఈ మూడూ కలిస్తే 304 గ్రేడు పగులుతుంది. కంటికి కనపడని చోట ఉప్పు ఉండిపోతే ఎంత మంచి వెల్డరైనా ఏమీ చేయలేడు. ఆ ట్యాంకును నా ఖర్చుతోనే మళ్లీ కట్టి ఇచ్చాను.

అదే చిక్కు ప్రపంచంలోని పెద్ద పెద్ద ఇంజనీర్లు చూసుకునే చోట వచ్చిందంటే, వాళ్ల నిర్లక్ష్యం అని నేను అనుకోను. ఎవరూ ఇంతకుముందు కట్టని వస్తువును కడుతున్నప్పుడు తెలిసిన తప్పులే కొత్త చోట్ల ఎదురవుతాయి. ఆ ప్రాజెక్టులోనే వాక్యూమ్ వెసెల్‌కు తొమ్మిది ముక్కలు ఉంటే, ఒక్కొక్కటి 440 టన్నులట, వాటి అంచులు కొలత తప్పడంతో మెషీన్ వెల్డింగ్‌కు అమరలేదని చదివారు. మేము ఒక మిల్లీమీటరు తేడా వస్తే సుత్తి, జాకీ పెట్టి సర్దుతాం. అక్కడ సర్దడం కుదరదు, లోహం పోసి మళ్లీ మెషీన్ చేయాలి. ఒకటి మాత్రం నాకు గర్వంగా అనిపించింది. ఆ యంత్రం మొత్తాన్ని కప్పి ఉంచే క్రయోస్టాట్, 3,850 టన్నులది, మన దేశంలో హజీరాలో ముక్కలుగా చేసి ఓడల్లో పంపారట. ఆ వెల్డర్లలో కొందరు మనలాంటి షెడ్లలోనే పని నేర్చుకుని ఉంటారు.

ఫిజిక్స్ లెక్చరర్, గుంటూరు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆటోనగర్ గారూ, మీ ఎర్ర గీతల వివరణను తరగతిలో చెప్పడానికి అనుమతి ఇవ్వండి. నాకు రెండు సందేహాలు మిగిలాయి. ట్రిటియం ఇంత దుర్లభమైనప్పుడు డ్యూటీరియంను డ్యూటీరియంతోనే ఎందుకు మండించకూడదు? ఇక రెండోది, ఐటర్ కాలక్రమం 2024లో మళ్లీ మారి, డ్యూటీరియం, ట్రిటియం ప్రయోగాలు 2039కి వెళ్లాయని చదివాను. ఆ యంత్రమే అంత దూరంలో ఉంటే 2028, 2030ల గురించి మాట్లాడే ప్రైవేటు సంస్థల మాటను ఎలా తూకం వేయాలి? పిల్లలు ఇక్కడే గట్టిగా పట్టుకుంటారు.

ప్లాస్మా పరిశోధకురాలు

మొదటి సందేహానికి సమాధానం సూటిగానే ఉంది. డ్యూటీరియం-ట్రిటియం జంట అన్నింటికంటే తక్కువ వేడి దగ్గర, అన్నింటికంటే సులువుగా కలుస్తుంది. డ్యూటీరియం ఒక్కదాన్నే మండించాలంటే ఇంకా ఎక్కువ వేడి కావాలి, ప్లాస్మాను ఇంకా మెరుగ్గా పట్టి ఉంచాలి, ప్రతి చర్యకూ వచ్చే శక్తి కూడా తక్కువ. హీలియం-3తో మరొక మార్గం ఉంది, 2028 ఒప్పందం చేసుకున్న హీలియన్ సంస్థ ఎంచుకున్నది అదే. అందులో న్యూట్రాన్లు తగ్గుతాయి గానీ భూమి మీద హీలియం-3 ట్రిటియం కంటే తేలికగా దొరికేది కాదు, దాన్ని డ్యూటీరియం చర్యల నుంచి తామే పుట్టించుకోవాలన్నది వారి ఆలోచన.

రెండోదానికి జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఆ సంస్థల్లో పనిచేస్తున్నవారు నా తరం శాస్త్రవేత్తలే, వారి పని నిజమైనది. 2021 సెప్టెంబరులో మసాచుసెట్స్‌లో ఎంఐటీ, కామన్‌వెల్త్ ఫ్యూజన్ కలిసి అధిక ఉష్ణోగ్రతా అతివాహక టేపుతో చుట్టిన అయస్కాంతాన్ని 20 టెస్లాల దాకా నడిపి చూపించారు. ఐటర్ అయస్కాంతాలను సున్నాకు దిగువన 269 డిగ్రీల దగ్గర ఉంచాలి, ఈ కొత్త టేపు అంతకంటే కాస్త వెచ్చగా ఉన్నా పనిచేస్తుంది, అంతకంటే బలమైన క్షేత్రాన్ని తట్టుకుంటుంది. అయస్కాంత క్షేత్రం రెట్టింపయితే అదే పరిమాణంలోంచి రాగల సంలీన శక్తి సుమారు పదహారు రెట్లు పెరుగుతుంది కనుక యంత్రం చిన్నదవుతుంది, త్వరగా కట్టవచ్చు. ఇది ఉత్త మాట కాదు.

అయితే యంత్రం చిన్నదయినంత మాత్రాన వచ్చే వేడి చిన్నది కాదు. అదే శక్తి తక్కువ వైశాల్యంలోంచి బయటికి పోవాలి. ప్లాస్మా నుంచి బూడిదను, అంటే హీలియంను, బయటికి తోసే డైవర్టర్ అనే భాగం మీద ఐటర్‌లోనే చదరపు మీటరుకు 10 మెగావాట్ల వేడి పడుతుంది. అందుకే దానికి 3,422 డిగ్రీల దగ్గర కరిగే టంగ్‌స్టన్ వాడుతున్నారు. చిన్న యంత్రంలో ఆ భారం ఇంకా తీవ్రమవుతుంది, గోడకు తగిలే న్యూట్రాన్ల సాంద్రత కూడా అంతే. ఒక చిక్కును తగ్గిస్తే రెండో చిక్కు పెరుగుతుంది.

ప్లాస్మా హఠాత్తుగా కుప్పకూలడం కూడా చెప్పాలి. ఐటర్‌లో 1.5 కోట్ల ఆంపియర్ల విద్యుత్తు ప్లాస్మా గుండా ప్రవహిస్తుంది. సెకనులో వెయ్యోవంతులలో అది అదుపు తప్పితే ఆ శక్తంతా గోడ మీద పడుతుంది. నేను పనిచేసిన చిన్న యంత్రంలో అలా జరిగినప్పుడు తెర మీద విద్యుత్తు గీత నిటారుగా కిందికి పడేది, కంట్రోల్ రూములో అందరం ఒక్క క్షణం మాటలు ఆపేసేవాళ్లం. అక్కడ నష్టం స్వల్పం. పెద్ద యంత్రంలో గడ్డకట్టిన వాయువు గుళికలను ముక్కలుగా చిమ్మి ఆ శక్తిని ముందుగానే చల్లార్చాలని చూస్తున్నారు. అలాంటి కుప్పకూలుడు లేని స్టెల్లరేటర్ అనే మరొక ఆకృతి ఉంది, జర్మనీలో గ్రైఫ్స్‌వాల్డ్‌లో నడుస్తోంది, కానీ దాని అయస్కాంతాలు మెలికలు తిరిగి ఉంటాయి, చేయడం చాలా కష్టం. ఆటోనగర్ గారికి ఆ బొమ్మ తప్పక చూపించాలని ఉంది.

అందువల్ల ఒక సంస్థ తేదీ చెప్పినప్పుడు నేను అడిగేది ఇది: ఆ తేదీ తొలి ప్లాస్మాకా, శక్తి మిగులుకా, గ్రిడ్‌కు కరెంటుకా, లేక ఏడాది పాటు తన ట్రిటియంతో తాను నడవడానికా? కామన్‌వెల్త్ ఫ్యూజన్ కడుతున్న స్పార్క్ అనే యంత్రానికి చెబుతున్న 2027 మొదటిదానికి. ఈ నాలుగింటి మధ్య దూరాలు సమానం కావు, చివరి రెండింటి మధ్య దూరాన్ని ఇంతవరకు ఎవరూ కొలవలేదు.

విశ్రాంత ఆపరేషన్ ఇంజనీరు, విజయవాడ

మేడమ్ గారు చెప్పినదంతా ఒప్పుకుంటూనే ఒక మాట. మా వీధిలో ఈ రెండేళ్లలో తొమ్మిది ఇళ్ల మీద సోలార్ పలకలు వచ్చాయి, నంద్యాల జిల్లా పిన్నాపురంలో నీటిని పైకి ఎత్తి దించే 1,680 మెగావాట్ల నిల్వ పథకం కట్టారు. మీ విద్యార్థులకు ఇరవై అయిదేళ్లు వచ్చేసరికి బొగ్గును తగ్గించేవి ఇవే, సంలీనం కాదు. ఆ అమ్మాయికి ఈ సంగతి దాచకూడదు. దాచితే పొగగొట్టాల కింద పెరిగిన పిల్లను మనం రెండోసారి నిరీక్షణలో పెట్టినట్టవుతుంది.

ప్లాస్మా పరిశోధకురాలు

ఇంజనీరు గారూ, అందులో నాకు ఎలాంటి విభేదమూ లేదు. రెండూ వేర్వేరు కాలాలకు చెందిన పనులు. ఎండా గాలీ తక్కువగా ఉండే దేశాలకు, ఈ శతాబ్దం రెండో సగంలోని కర్మాగారాలకు సంలీనం అవసరం రావచ్చునని నా నమ్మకం, అందుకే ఇన్నేళ్లు దాని మీద పెట్టాను. ఇప్పటి ఉద్గారాలను తగ్గించడానికి దాని కోసం ఎదురుచూడమని నేను ఎన్నడూ అనను.

ఫిజిక్స్ లెక్చరర్, గుంటూరు

సోమవారం పాఠానికి ఇలా అనుకున్నాను. బోర్డు మీద 300, 2.05, 3.15 అని మూడు అంకెలు మాత్రమే రాసి, ఏ రెండింటిని పోలిస్తే ఏ వార్త అవుతుందో పిల్లలతోనే చెప్పిస్తాను. తర్వాత 56 కిలోల లెక్క వారితోనే కట్టించి, ప్రపంచ నిల్వ అంకెను దాని పక్కన రాస్తాను. ఎన్నేళ్లు అన్న ఆ అమ్మాయి ప్రశ్నకు, మేడమ్ గారు చెప్పిన నాలుగు తేదీలను విడివిడిగా అడగడం నేర్పిస్తాను. ఇందులో సరిదిద్దవలసింది ఉంటే ఈ రాత్రికే చెప్పండి.

ప్లాస్మా పరిశోధకురాలు

ఒక్కటే సవరణ, మాస్టారూ. 300 పక్కన, ఆ లేజర్లు 1990ల నాటి సాంకేతికతతో కట్టినవని, సామర్థ్యం పెంచాలన్న ఉద్దేశంతో కట్టినవి కావని కూడా రాయండి. ఇప్పటి లేజర్లు విద్యుత్తును అంతకంటే చాలా మెరుగ్గా కాంతిగా మారుస్తాయి కనుక ఆ 300 తగ్గే అంకే. తగ్గుతుందో లేదో తెలియనిది ఇంకొకటి. ఆ గుళికను ప్రస్తుతం ఎంతో శ్రమతో ఒక్కొక్కటిగా తయారుచేసి పేలుస్తున్నారు, విద్యుత్కేంద్రానికైతే సెకనుకు సుమారు పది చొప్పున, పగలూ రాత్రీ కావాలి. ఆ పదిని రోజుకు ఎన్ని గుళికలో పిల్లలనే లెక్క కట్టమనండి.